గద్వాల వార్షికం నుంచి మాస్కో పుస్తకం దాకా

ఒక రాజ్యం మరో రాజ్యపు పాలకులతో మాట్లాడితే దాన్ని దౌత్యం అంటాం. ఆ పాలకులను దాటి అక్కడి జనంతో, ముఖ్యంగా అక్కడి చదువరులతో, ఉపాధ్యాయులతో, రచయితలతో మాట్లాడితే దానికి ప్రజా దౌత్యం అని పేరు. ఈ పేరును ఇప్పుడున్న అర్థంలో 1965లో వాడుకలోకి తెచ్చినవాడు ఎడ్మండ్ గలియన్. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలోని ఫ్లెచర్ స్కూలుకు డీన్ ఆయన, అంతకుముందు రాయబారి. 'ప్రచారం' అనే పాత మాట హిట్లర్ కాలం నుంచి కంపు కొడుతూ ఉంది గనక కొత్త మాట అవసరమైంది. పేరు కొత్తదే గాని పని కొత్తది కాదు. పండితుణ్ణి పిలిచి శాలువా కప్పి పంపడం, ఖరీదైన గ్రంథాన్ని చవకగా అచ్చువేసి పరాయి ఊరికి చేర్చడం, బహుమతికి ఒక మహానుభావుడి పేరు పెట్టడం, ఇవన్నీ రాజ్యాలు ఎప్పటినుంచో చేస్తున్న పనులే. వీటిని చేసిన చిన్న రాజ్యాలనూ, వీటిని అందుకున్న చిన్న ఊళ్లనూ చూడాలంటే కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ కన్నా, దాని పక్కనున్న వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల కన్నా మంచి చోటు లేదు.

గద్వాలను 'విద్వద్గద్వాల' అనేవారు. పెద సోమభూపాలుడు పద్దెనిమిదో శతాబ్దపు తొలినాళ్లలో కట్టించిన కోట ఇంకా నిలిచి ఉంది, అందులో చెన్నకేశవ ఆలయం ఉంది. ఈ సంస్థానంలో కార్తీక, మాఘ మాసాల్లో పండిత సభలు జరిగేవి. శాస్త్రంలోనో కవిత్వంలోనో పరీక్షకు నిలిచినవారికి ఏటేటా ఇచ్చే సంభావన వార్షికం. ఈ వార్షికం కోసం తుంగభద్ర దాటి కర్నూలు వైపు నుంచి, ఇంకా దూరాన గోదావరీ తీరం నుంచి కూడా పండితులు బండ్లు కట్టుకొని వచ్చేవారు. పంతొమ్మిదో శతాబ్దం చివర తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాలకు వచ్చి అవధానాలు చేశారు. వాళ్ల 'నానారాజ సందర్శనము' అన్న పుస్తకం పేరే ఆనాటి కవి బతుకుతెరువు ఎలా ఉండేదో చెబుతుంది. నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురానికి తరలిన జటప్రోలు సంస్థానానిది ఇంకా పాత సంప్రదాయం. అక్కడ సురభి మాధవరాయలు తానే 'చంద్రికా పరిణయము' రాసిన కవి.

తూమాటి దోణప్ప తన 'ఆంధ్ర సంస్థానములు - సాహిత్య పోషణము'లో ఈ చరిత్రను శ్రద్ధగా కూర్చారు. ఆయన దృష్టి పోషణ మీద ఉంది. మన అభ్యుదయ విమర్శకులు అదే చరిత్రను చూసి, రైతు చెమటతో వచ్చిన శిస్తును ప్రబంధ కవికి ధారపోసిన ఫ్యూడల్ విలాసం అన్నారు. రెండూ నిజమే. కాని రెండింటిలోనూ ఒక సంగతి జారిపోయింది. గద్వాలలో కూచుని గద్వాల వాణ్ణి మెప్పించడానికి అంత ఖర్చు అక్కరలేదు. ఆ ఖర్చంతా ఏటి అవతలి వాళ్ల నోట ఆ పేరు పలకడానికి. నిజాముకు పేష్కష్ కట్టే సంస్థానం అది. సొంతంగా యుద్ధం చేయలేదు, సంధి చేసుకోలేదు, తెల్లవాడి రెసిడెంటుతో నేరుగా బేరమాడలేదు. అలాంటి రాజ్యానికి కీర్తి ఒక రకం కోటగోడ. పండితుడు వెనక్కి వెళ్లి మద్రాసు రాజధానిలోని ఏ అగ్రహారంలోనో 'అబ్బో, గద్వాల సంస్థానమా!' అన్నాడంటే, ఆ సంస్థానం హైదరాబాదు దర్బారులో ఒక మెట్టు పైన నిలబడ్డట్టే. చిన్న రాజ్యం చేసిన ప్రజా దౌత్యంగా దీన్ని చదివితే 'పోషణ' అనే మెత్తటి మాట కింద ఉన్న గట్టి లెక్క బయటపడుతుంది.

వనపర్తి లెక్క వేరు. మొదటి రామేశ్వరరావు పంతొమ్మిదో శతాబ్దంలో ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీలతో ఒక అశ్విక దళాన్ని పోషించాడు. తర్వాత ఆ దళం నిజాం కొలువుకు చేరింది. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే పేట పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందే. గద్వాల పద్యాన్ని కానుకగా వాడుకుంటే వనపర్తి గుర్రాన్ని, రౌతును కానుకగా వాడుకుంది. ఈ రౌతుల సంగతి మళ్లీ వస్తుంది.

ఇక పెద్ద రాజ్యం హైదరాబాదు. ఏడవ నిజాం పాలనలో ఆ రాజ్యం తన సరిహద్దు బయట ఎంత ఉదారంగా ఉండేదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ మహాభారతానికి శుద్ధ ప్రతి తయారు చేస్తుంటే దాని ప్రచురణకు విరాళమిచ్చింది. 1927లో హైదరాబాదు నుంచి 'ఇస్లామిక్ కల్చర్' అనే ఇంగ్లీషు త్రైమాసిక పత్రిక మొదలైతే దానికి తొలి సంపాదకుడు మార్మడ్యూక్ పిక్తాల్ అనే ఆంగ్లేయ ముస్లిం రచయిత. 1931లో పదవి కోల్పోయిన ఖలీఫా కుమార్తెను నిజాం పెద్దకొడుకు ఫ్రాన్సులోని నీస్ నగరంలో పెళ్లాడాడు. హిందూ పండితుడికి మహాభారతం, ముస్లిం ప్రపంచానికి పత్రిక, పెళ్లిసంబంధం, లండనుకు విధేయత. ఎవరికి ఏది కావాలో వారికది.

1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం దారుల్ తర్జుమా అనే అనువాదశాల పెట్టారు. చరిత్ర, గణితం, వైద్యం, తత్వశాస్త్రం ఉర్దూలోకి తెచ్చారు. ఉత్తరాది నుంచి ఉర్దూ రచయితలు పిలుపందుకొని వచ్చారు. జోష్ మలీహాబాదీ వంటి కవి కూడా అందులో పనిచేసి, కడకు నిజాం ఆగ్రహానికి గురై రాజ్యం విడిచి వెళ్లాల్సి వచ్చింది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పాలన్న ప్రయత్నంగా అది గొప్పదే, దాన్ని తక్కువ చేయనక్కరలేదు. కాని ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగు. నాగర్‌కర్నూలు రైతు బిడ్డకు ఆ అనువాదశాల నుంచి ఒక్క తెలుగు పుస్తకం రాలేదు. సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలన్న గస్తీ నిషాన్ 53 అతని మీద ఉండనే ఉంది. పూనాలో మహాభారతానికి డబ్బిచ్చిన ఖజానా, ఇంట్లో తెలుగు సభకు పోలీసును పంపిన సర్కారు ఒకటే. పొరుగువాడికి చూపించే ముఖం, ఇంటివాడికి చూపించే ముఖం వేరుగా ఉండడం పెద్ద రాజ్యాల సాహిత్య దానాలన్నిటిలో కనబడే లక్షణం. దీన్ని గుర్తు పెట్టుకొని ముందుకు పోదాం.

రాజ్యం లేనివాళ్లు దీనికి ఏం జవాబిచ్చారు? గద్వాల దగ్గరి బోరవెల్లిలో 1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో 'గోలకొండ పత్రిక' పెట్టారు. 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. తెలంగాణలో కవులే లేరన్న ఒక మాట అచ్చులో కనబడితే 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. ఆ సంచికను మనం ఆత్మగౌరవ ప్రకటనగా మాత్రమే చదువుతున్నాం. అది సరిహద్దు అవతలి తోటి తెలుగువాడికి పంపిన రాయబారం కూడా. ఖజానా లేదు, బిరుదులు ఇచ్చే అధికారం లేదు, జాబితా ఒక్కటే ఉంది. ఊరూ పేరూ రాసి పంపమని ఉత్తరాలు రాసి కూడబెట్టిన జాబితా. సంస్థానాల పండిత సభల్లో వార్షికం తీసుకున్న కవులూ అందులో ఉన్నారు, ఏ రాజునూ చూడని బడిపంతుళ్లూ ఉన్నారు. 1952 ఎన్నికల్లో ఆయన వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు గెలిచారు. మరుసటి ఏడే చనిపోయారు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో వచ్చిన కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి తెలుగుకు మొదటిది.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. సంస్థానాలు పోయాయి, వార్షికాలు పోయాయి. గద్వాల చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. పండితుడికి రాజు పోయిన పదేళ్ల లోపలే తెలుగు రచయిత తలుపు తట్టినవి రెండు మహారాజ్యాలు. వాటికి గద్వాల ఎక్కడుందో కూడా తెలియదు.

అమెరికా సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే దాని కథ మన ఊళ్లకు సంబంధించినంతవరకు చిన్నది. 1951 నుంచి 'అమెరికన్ రిపోర్టర్' పత్రిక వచ్చింది. తెలుగులోనూ వచ్చేది, అడిగినవాడికి ఉచితంగా పోస్టులో వచ్చేది. 1960 నవంబరులో ఇంగ్లీషులో 'స్పాన్' మొదలైంది. 1955లో ఫోర్డ్ ఫౌండేషన్ సొమ్ముతో మద్రాసులో దక్షిణ భాషా పుస్తక సంస్థ ఏర్పడి నాలుగు దక్షిణాది భాషల్లో చవక పుస్తకాలకు తోడ్పడింది. 1956లో పి.ఎల్. 480 కింద గోధుమలు రావడం మొదలయ్యాక, ఆ గోధుమలకు మన ప్రభుత్వం చెల్లించిన రూపాయలు కొండలా పోగుపడ్డాయి. ఆ రూపాయలతో అమెరికా పాఠ్యగ్రంథాల చవక ముద్రణలు వచ్చాయి. 1964లో ఉస్మానియా ఆవరణలో అమెరికన్ అధ్యయన పరిశోధన కేంద్రం వచ్చింది. 1962 నుంచి అదే సొమ్ముతో అమెరికా గ్రంథాలయాల కోసం మన భాషల పుస్తకాలను కొనడం కూడా సాగింది. మన ఊళ్ల గ్రంథాలయాల్లో చెద పట్టిపోయిన తెలుగు పుస్తకాలు కొన్ని అమెరికా విశ్వవిద్యాలయాల్లో భద్రంగా ఉండడానికి మనం తిన్న ఎర్ర గోధుమలే కారణం. దీన్ని తిట్టాలో మెచ్చుకోవాలో నాకిప్పటికీ తేలలేదు.

బయటికి కనబడిన ఈ పనులతో పాటు కనబడనివీ ఉన్నాయి. 1950లో బెర్లిన్‌లో పుట్టిన 'సాంస్కృతిక స్వేచ్ఛా మహాసభ' మరుసటి ఏడు బొంబాయిలో సమావేశం జరిపింది. 1955 నుంచి మన దేశంలో 'క్వెస్ట్' అనే ఇంగ్లీషు పత్రిక నడిపింది. దాని నిధుల వెనుక సి.ఐ.ఎ. ఉందని 1966, 67లలో అమెరికా పత్రికలే బయటపెట్టాయి. లండన్ 'ఎన్‌కౌంటర్' పత్రిక సంపాదకుల్లో ఒకడైన స్టీఫెన్ స్పెండర్ రాజీనామా చేశాడు. స్వేచ్ఛ గురించి రాసిన వ్యాసానికి పారితోషికం గూఢచారి సంస్థ నుంచి వస్తే ఆ వ్యాసం అబద్ధమవుతుందా అన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. మన శిబిరం ఆ ప్రశ్నను ఆనందంగా అడిగింది. అదే ప్రశ్నను మాస్కో వైపు తిప్పి అడగడానికి మాత్రం మనకు చాలా కాలం పట్టింది.

అమెరికా పుస్తకం హైదరాబాదు, మద్రాసు దాటి ఎందుకు రాలేదు? అది ఇంగ్లీషు చదివిన వాణ్ణి, రేపు అధికారి కాబోయేవాణ్ణి లెక్కలోకి తీసుకుంది. వనపర్తిలో బట్టల కొట్టు గుమాస్తాను తీసుకోలేదు. సోవియట్ పుస్తకం అతణ్ణే వెతుక్కుంటూ వచ్చింది.

మాస్కోలో 1931లో విదేశీ కార్మికుల కోసం మొదలైన ప్రచురణ సంస్థ తర్వాత విదేశీ భాషా ప్రచురణాలయమై, 1963లో 'ప్రగతి'గా మారింది. విజ్ఞాన గ్రంథాలు 'మీర్' వేసేది. 1982లో సాహిత్యాన్ని విడదీసి 'రాదుగ'కు ఇచ్చారు. తెలుగు పుస్తకాన్ని అక్కడే అనువదించి, అక్కడే తెలుగు అక్షరాలు కూర్చి, అక్కడే అచ్చువేసి ఓడలో పంపేవారు. 1953 ఒప్పందంతో మొదలైన రూపాయి వాణిజ్యం వల్ల డాలరు గొడవ లేదు. ఇక్కడ విజయవాడలో 1953లో ఏర్పడిన విశాలాంధ్ర ప్రచురణాలయం ఆ పుస్తకాలను తెప్పించి అమ్మేది. దాని పుస్తకాల వ్యాను జిల్లాలు తిరిగేది. గట్టి అట్ట, కుట్టు బైండింగు, రంగుబొమ్మలు ఉన్న పుస్తకం ఇక్కడ అచ్చయిన పల్చని నవల కన్నా తక్కువ ధరకు దొరికేది. ఆ ధర మార్కెట్టు నిర్ణయించింది కాదు, ఒక రాజ్యం నిర్ణయించింది. పుస్తకం చివర పాఠకుడికి ఒక విజ్ఞప్తి ఉండేది: అనువాదం మీద, ముద్రణ మీద మీ అభిప్రాయం రాయండి, చిరునామా జుబోవ్‌స్కీ బులివార్, మాస్కో. సొంత జిల్లా కలెక్టరు కూడా ఏ అభిప్రాయమూ అడగని పాఠకుణ్ణి ఒక మహారాజ్యం అనువాదం ఎలా ఉందని అడిగింది. ఈ మర్యాద ఎంత పనిచేసి ఉంటుందో చిన్న ఊరివాడికే తెలుస్తుంది.

'సోవియట్ భూమి' పత్రిక సంగతి మరో రకం. నున్నటి కాగితం, గోధుమ చేల మధ్య నవ్వే ట్రాక్టరు డ్రైవరు. మా తరం పిల్లల నోటు పుస్తకాలకు అట్టలు వేయడానికి అంత మంచి కాగితం దొరకలేదు. పాఠం కన్నా అట్టగా ఎక్కువ పనికొచ్చిన పత్రిక అది. ప్రచారమని ముఖాన రాసి ఉన్నదాన్ని జనం అలాగే వాడుకున్నారు. కథల పుస్తకాన్ని మాత్రం అట్టకు చించలేదు.

ఏ కథలు? టాల్‌స్టాయ్, చెఖోవ్, పుష్కిన్, గోర్కీ, షోలొహోవ్. ఆస్త్రోవ్‌స్కీ 'కాకలు తీరిన యోధుడు'. సుఖోమ్లీన్‌స్కీ 'పిల్లలకే నా హృదయం అంకితం'. పెరెల్మన్ భౌతికశాస్త్రం. చింగీజ్ ఐత్‌మాతోవ్ 'జమీల్యా', 'తొలి ఉపాధ్యాయుడు'. ఈ చివరి పుస్తకం మీద కాస్త ఆగాలి. కిర్గిజ్ పల్లెలో సరిగా చదువురాని దుయిషెన్ అనే యువకుడు పాత గుర్రపుసాలను బడిగా మార్చి పిల్లల్ని పోగుచేస్తాడు. ఊరు నవ్వుతుంది. అనాథ పిల్ల అల్తీనాయ్‌ని బలవంతపు పెళ్లి నుంచి తప్పించి చదువుకు పంపుతాడు. ఆమె పెద్ద విదుషి అవుతుంది. ఊళ్లో కొత్త బడి ప్రారంభోత్సవానికి ఆమెను గౌరవంగా పిలుస్తారు, దుయిషెన్ అదే సమయంలో ఉత్తరాలు పంచుకుంటూ తిరుగుతుంటాడు. సోవియట్ రాజ్యం ఈ కథను ఆసియాకు ఎందుకు పంపిందో ఊహించడం కష్టం కాదు: చూడండి, మా దగ్గర రష్యన్లే కాదు, మీలాంటి ఆసియావాళ్లూ ఉన్నారు, విప్లవం వాళ్లకు చదువిచ్చింది. 1958 అక్టోబరులో తాష్కెంట్‌లో ఆఫ్రో-ఆసియా రచయితల మహాసభ జరిపింది కూడా అందుకే, మాస్కోలో జరపలేదు. కాని పాలమూరు జిల్లాలో బడి చెప్పినవాడు ఈ కథలో సోవియట్ విజయాన్ని చదవలేదు. వలస పోయిన తల్లిదండ్రుల పిల్లలు బడికి రాక ఖాళీ అయిన గదిని చదివాడు. పదమూడేళ్ల పిల్లకు పెళ్లి కుదిర్చిన ఇంటిని చదివాడు. పైగా, ఊరు దుయిషెన్‌ను మరచిపోయిందన్న చివరి చేదు సోవియట్ సమాజం మీద పెట్టిన నేరమేనని కూడా గ్రహించాడు. పంపినవాడు పుస్తకాన్ని ఎంచుకోగలడు, చదివేవాడి ఊరిని ఎంచుకోలేడు.

గోర్కీ 'అమ్మ' మాస్కో పంపకముందే ఇక్కడ ఉంది. క్రొవ్విడి లింగరాజు స్వాతంత్ర్యానికి ముందే ఇంగ్లీషు నుంచి తెలుగు చేశారు. ఎవరి ఖజానా దాని వెనుక లేదు. ఈ ఒక్క ఉదాహరణ చాలు, ఆకలి ముందు పుట్టింది, అన్నం పెట్టేవాడు తర్వాత వచ్చాడని చెప్పడానికి. సోవియట్ సాహిత్యం మన అభ్యుదయ సాహిత్యాన్ని తయారు చేసిందన్న వాదం, దాన్ని తిట్టేవాళ్లు చేసినా పొగిడేవాళ్లు చేసినా, ఈ వరస తారుమారు చేయడం వల్ల వచ్చిందే. అరసం పుట్టిన 1943 నాటికి మాస్కోలో తెలుగు అనువాదశాల లేదు.

ఆ అనువాదశాల గురించి ఒక మాట. ఉప్పల లక్ష్మణరావు అక్కడ ఏళ్ల తరబడి ఉండి అనువదించారు. 1970లలో కడప నుంచి రాచమల్లు రామచంద్రారెడ్డి వెళ్లారు. రా.రా. వంటి కఠిన విమర్శకుడు ప్రభుత్వ సంస్థలో జీతానికి కూచుని వాక్యం తర్వాత వాక్యం తెలుగు చేశాడు. ఆ శ్రమ చేసినవాడే 'అనువాద సమస్యలు' రాశాడు. దానికే 1988లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది, అదే ఏడు ఆయన మరణించారు. ఇంగ్లీషు వాక్యపు ఎముకల మీద తెలుగు చర్మం కప్పితే ఏమవుతుందో అంత స్పష్టంగా చెప్పిన పుస్తకం మరొకటి లేదు. సోవియట్ రాజ్యానికి తెలుగు వాక్య నిర్మాణం మీద ఆసక్తి ఏమీ లేదు. అయినా దాని జీతంతో తెలుగు గద్యానికి జరిగిన మేలు ఇది. హైదరాబాదు నగరంలో నిజాం పెట్టిన అనువాదశాలలో తెలుగుకు దొరకని కుర్చీ మాస్కోలో దొరికింది. ఇది చరిత్రలో ఉన్న వింత. దీన్ని సోవియట్ ఔదార్యమని చెప్పి ఊరుకుంటే తప్పు, కేవలం ఎత్తుగడ అని కొట్టిపారేసినా తప్పు.

ఇప్పుడు రాని పుస్తకాల సంగతి. పాస్టర్నాక్ నవల రాలేదు, 1958లో ఆయనకు నోబెల్ వచ్చినప్పుడు దాన్ని తిరస్కరించేలా చేశారు. అఖ్మతోవా కవిత్వం రాలేదు. బుల్గాకోవ్ రాలేదు. సోల్జెనిత్సిన్ సరే సరి. మనకు అందిన రష్యన్ సాహిత్యం గొప్పదే, కాని మధ్యలో కొన్ని పేజీలు చించిన గొప్పదనం. చించిన చోటు కనబడకుండా కుట్టు బైండింగు చేశారు. 1956లో హంగరీలోకి, 1968లో చెకోస్లొవేకియాలోకి టాంకులు వెళ్లినప్పుడు ఆ పొరుగు దేశాల పాఠకుడికి అదే రాజ్యం ఏ ముఖం చూపిందో మనకు తెలియనిది కాదు. దూరపు తెలుగువాడికి ఐత్‌మాతోవ్, పక్కింటి చెక్ రచయితకు టాంకు. నిజాం విషయంలో గుర్తు పెట్టుకొమ్మన్నది ఇదే.

బహుమతుల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. సోవియట్ భూమి నెహ్రూ పురస్కారం అన్న పేరులోనే రెండు రాజ్యాలు చేతులు కలిపి ఉన్నాయి. 1966లో శ్రీశ్రీ 'ఖడ్గసృష్టి'కి అది వచ్చింది. నాలుగేళ్లకు, 1970లో, ఆయన విప్లవ రచయితల సంఘానికి తొలి అధ్యక్షుడయ్యాడు. బహుమతి ఇచ్చినవాళ్లు ఆశించింది ఆ దారి కాదు. అందుచేత బహుమతి తీసుకున్నవాడు అమ్ముడుపోయినట్టే అన్న సూత్రం నిలబడదు. కాని ఇంకోవైపు కూడా చూడాలి. 1971 ఆగస్టులో భారత సోవియట్ మైత్రీ ఒప్పందం జరిగింది. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చింది. సోవియట్ నాయకత్వం ఇందిరాగాంధీ ప్రభుత్వాన్ని సమర్థించింది. ఇక్కడ విరసం రచయితలు జైళ్లలో ఉన్నారు. ప్రజలతో మాట్లాడుతున్నామని చెప్పే దౌత్యం ఆ ప్రజల ప్రభుత్వం నొచ్చుకునే మాట ఒక్కటీ అనలేదు. ప్రజా దౌత్యంలో 'ప్రజా' అన్న మాట ఎక్కడ ఆగిపోతుందో ఆ ఇరవై ఒక్క నెలల్లో తేలింది. మనలో ఎందరు ఆనాడు దాన్ని గట్టిగా అన్నారన్నది మన సంఘాల చరిత్ర రాసేవాళ్లు తప్పించుకోకూడని ప్రశ్న.

ఇంతవరకు అందుకున్నవాళ్లుగానే మాట్లాడుకున్నాం. పంపేవాళ్లుగా మనమేం చేశాం? ఇక్కడ మళ్లీ వనపర్తికి రావాలి. సంస్థానపు చివరి వారసుడు రాజా రామేశ్వరరావు స్వతంత్ర భారత దౌత్య సేవలో చేరి, 1950లలో పశ్చిమాఫ్రికాలో గోల్డ్‌కోస్టు, నైజీరియాలకు భారత కమిషనర్‌గా పనిచేశారు. గోల్డ్‌కోస్టు 1957లో ఘనా అయింది. ముత్తాతల కాలంలో ఆఫ్రికా మనిషిని రౌతుగా తెచ్చుకొని నిజాముకు అప్పగించిన ఇంటి నుంచి, ఆఫ్రికా మనిషికి భారతదేశపు స్నేహం చెప్పడానికి ఒకరు వెళ్లారు. చరిత్ర ఇలాంటి మలుపులు తిరుగుతుంది, నవలాకారుడు రాస్తే నమ్మం. తిరిగొచ్చాక ఆయన పార్లమెంటుకు వెళ్లారు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపారు. బ్రిటిష్ సంస్థగా మొదలై సామ్రాజ్యం వెళ్లిపోయాక కూడా మన బడుల్లో ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు అమ్మిన సంస్థ అది. వనపర్తి కోట పాలిటెక్నిక్ కళాశాల అయింది.

పుస్తకంతో, చదువుతో పొరుగువాణ్ణి దగ్గర చేసుకోవాలని భారత రాజ్యమూ తొలినాళ్లలోనే అనుకుంది. 1950లో భారత సాంస్కృతిక సంబంధాల మండలి, 1951లో ఖాట్మండులో నేపాల్ భారత్ గ్రంథాలయం. విదేశీ విద్యార్థులకు వేతనాలిచ్చారు. హిందీ సినిమా ఎవరూ పంపకుండానే వెళ్లింది, అధికారిక సంస్థలన్నిటి కన్నా ఎక్కువ పనిచేసింది. కాని ఖాట్మండులో గ్రంథాలయం తెరిచిన రాజ్యమే 1989 మార్చిలో వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు ముగిసిందని నేపాల్ సరిహద్దు దారుల్లో రెండు తప్ప మిగతావి మూసింది. కిరసనాయిలు కోసం అక్కడి జనం వరసల్లో నిలబడ్డారు. 2015లో సరకుల లారీలు మళ్లీ సరిహద్దులో ఆగిపోయినప్పుడు ఢిల్లీ మేమేం ఆపలేదంది, నేపాలీలు నమ్మలేదు. గ్రంథాలయంలో ప్రేమ్‌చంద్ చదివిన నేపాలీ ఉపాధ్యాయుడు ఆ చలికాలం ఏమనుకుని ఉంటాడు? మనం మాస్కో పుస్తకాన్ని చదివినట్టే, అతను మన పుస్తకాన్ని తన ఊరి కళ్లతో చదివి ఉంటాడు. ప్రేమ్‌చంద్‌ను ఉంచుకొని, ఢిల్లీని పక్కనబెట్టి ఉంటాడు. తెలుగు సాహిత్య విద్యార్థులు సోవియట్ ప్రభావం మీద ఎన్నో సిద్ధాంత గ్రంథాలు రాశారు. పొరుగు దేశాల పాఠకుడి మీద మన రాజ్యపు ప్రభావం గురించి ఒక్కరైనా పూనుకుంటే బాగుంటుంది. నేపాలీ రచయితలు ఏమంటున్నారో తెలుగులో చదువుకునే వీలు మనకు దాదాపు లేదు. పంపేవాడికి ఆ అవసరం తోచదు.

1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ పోయింది. ఓడలు ఆగాయి, రాదుగ ఆగింది, ఆ ధరకు పుస్తకం రావడం ఆగింది. పంపేవాడు లేకపోయాక ఏది మిగిలిందో చూస్తే ఇన్నాళ్లూ ఏది పనిచేసిందో తెలుస్తుంది. 1980లో బ్రెజ్నేవ్ జ్ఞాపకాలకు లెనిన్ సాహిత్య బహుమతి ఇచ్చారు. ఆ జ్ఞాపకాలను మళ్లీ అచ్చువేయమని ఏ తెలుగు పాఠకుడూ అడగలేదు. పంచవర్ష ప్రణాళికల మీద వచ్చిన నున్నటి సంపుటాలు తూకానికి పోయాయి. కాని గోర్కీ మళ్లీ మళ్లీ అచ్చయ్యాడు. ఐత్‌మాతోవ్ అచ్చయ్యాడు. పిల్లల బొమ్మల కథలను మంచి పుస్తకం వంటి చిన్న సంస్థలు మళ్లీ వేశాయి. పెరెల్మన్ కోసం సైన్సు టీచర్లు ఇప్పటికీ వెతుకుతారు. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ వేరువేరు జిల్లా కేంద్రాలయ్యాయి. ఈ ఊళ్లలో ఏ పాత బడి బీరువా తెరిచినా 'సోవియట్ యూనియన్‌లో ముద్రితం' అన్న పుస్తకం ఒకటైనా కనబడుతుంది. దాని చివరి పేజీలో మాస్కో చిరునామా ఉంటుంది, అభిప్రాయం రాయమన్న విజ్ఞప్తి ఉంటుంది. మొదటి పేజీలో ఇప్పటి పిల్లల పేర్లు బాల్‌పెన్నుతో రాసి ఉంటాయి.